పేరంటాలు తాగిన పానకం

ఆ ఫ్యాను నా వైపు తిప్పకండి డాక్టరమ్మా, దణ్ణం పెడతాను. అటే ఉంచండి. నేను చల్లబడ్డానంటే బయట బల్లమీద కూర్చున్న మా అత్తగారికి కోపం వస్తుంది.

నవ్వకండమ్మా. నవ్వులాటకి చెప్పటం లేదు. మా ఇంట్లో నాకు చెమట పట్టిందంటే ముందు ఫ్యాను కట్టేస్తారు. ఎందుకంటారా? హారతి ఆరిపోతుందని.

అదేంటో మొత్తం చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. ఆ తలుపు దగ్గరగా వేస్తారా? గడియ వద్దు, గడియ పెడితే అనుమానం. ఆఁ, అంతే చాలు.

అవునండీ, చీటీలో పేరు శివపార్వతే. నేను శివపార్వతిని కాదు. నా పేరు నాగేంద్రమ్మ. శివపార్వతి మా మరిది భార్య, నా తోటికోడలు. బయట గోడకి తల ఆనించుకుని కూర్చుంది చూశారా, సున్నంలా పాలిపోయి... ఆ పిల్లే. మీరు చూడాల్సింది తననే. కానీ 'పెద్దకోడలు ముందు వెళ్ళాలి' అని ఆజ్ఞ. ఎవరి ఆజ్ఞా? అక్కడికే వస్తున్నాను.

మాది పెనుగొలనమ్మా. వరి, కొంచెం పత్తి, మామిడితోట. మా ఆయన వీరరాఘవయ్యగారు, మా మరిది వంశీకృష్ణ, అందరం కలిసే ఉంటాం. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో దేవుడిగది నాది. ఎవరి తద్దినం ఏ తిథినో, ఏ పిల్లకి పుట్టువెంట్రుకలు ఏ కొండమీద తీశారో, ఏ పెద్దాయన ఏ కూర ముట్టేవాడు కాదో, అన్నీ నన్నే అడుగుతారు. గొప్పకి చెప్పుకోవటం కాదు. ఇంటి సంగతులు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా. నాకది ఇష్టం.

మీ గోడమీద ప్రభువు పటం చూశాను. మీకు మా పేరంటాలు సంగతి తెలుసో లేదో. ముత్తయిదువగా పోయిన ఆడమనిషిని ఇంటిదేవతగా నిలుపుకుంటారమ్మా మావాళ్ళు. మా ఇంటికి రత్తమ్మ పేరంటాలు. మా అత్తగారికి అత్తగారు, ఆవిడకి అత్తగారు. దేవుడిగదిలో గోడకి గూడు, దానికి పసుపు పూసి కుంకుమబొట్లు. శ్రావణంలో ఒక శుక్రవారం ఆమెకి కొత్తచీర పెట్టి, చలిమిడి, వడపప్పు, పానకం నైవేద్యం పెడతాం. అన్నీ చలవ చేసేవే. వేడివేడిది ఏదీ ఆ గూటి దగ్గరికి పోకూడదు. ఎందుకో తరవాత చెప్తాను, మీరే గుర్తుచెయ్యండి. ఈమధ్య మరిచిపోతున్నాను.

నాకా? నాకు ముట్లు తప్పుతూ తప్పుతూ వచ్చి, పోయిన ఎండాకాలం ముందు పూర్తిగా ఆగిపోయాయి. ఆ సంగతి తెలిసినరోజు మా అత్తగారు ఎంత సంతోషపడిందో! 'హమ్మయ్య, ఇంక నీకు అడ్డం లేదే. ఏడాది పొడుగునా దీపం నువ్వే' అంది.

మాకింకా ఆ పట్టింపు ఉందమ్మా. నెలకి మూడురోజులు వెనక వసారాలో చాపమీద కూర్చునేదాన్ని. ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. శివపార్వతి దూరం నుంచి కంచం జరిపి, 'అక్కా, నీ పనే హాయిగా ఉంది' అనేది. 'నీ వంతొచ్చినప్పుడు నేను పెడతాలేవే' అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తప్పో ఒప్పో, ఆ మూడురోజులే నాకు సెలవు. అదీ పోయింది.

సరే, పోయిన శ్రావణం. పేరంటాలు పూజరోజు. గదినిండా జనం. అత్తగారు, ఆడపడుచులు, జ్ఞాతుల ఆడవాళ్ళు, అందరూ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. గాలాడదు. నేను పట్టుచీర కట్టుకుని, భుజాలనిండా కొంగు కప్పుకుని, గూటి ముందు కూర్చుని పేర్లు చెప్తున్నాను. మా ఇంట్లో పోయిన పెద్దల పేర్లు వరసగా చెప్పి అందరిచేతా నమస్కారం పెట్టించాలి. అది నా పని.

సగంలో ఉండగా ఇదిగో, ఇక్కడ, గుండెలమీద ఎవరో నిప్పుకణిక పెట్టినట్టు మొదలైంది. మెడకి పాకింది. చెవులు కాలిపోతున్నాయి. గుండె దడదడలాడుతోంది. ఒంటిమీద చీర, మెడలో గొలుసు, చేతికి గాజులు, అన్నీ కాలుతున్నట్టే. తరవాతి పేరేంటో తట్టలేదు. నోరు తెరిచాను, పేరు రాలేదు.

అప్పుడేం చేశానంటే... కప్పుకున్న కొంగు తీసి అవతల పారేశాను. మెడ మంట తాళలేక కొప్పు ఊడదీశాను. జుట్టంతా విరబోసుకుపోయింది. ఎదురుగా ఇత్తడిచెంబులో పానకం ఉంది, పేరంటాలుకి పెట్టింది. రెండు చేతులతో ఎత్తి గటగటా తాగేశాను.

నైవేద్యం కాకముందే డాక్టరమ్మా! అదెంత అపచారమో మీకెలా చెప్పను? పిల్లలు ఆ చెంబు వంక చూస్తేనే కళ్ళెర్రజేసేదాన్ని నేను.

తాగి చెంబు కింద పెట్టాను. అయిపోయింది నా పని, ఇక తిడతారు అనుకున్నాను. మా అత్తగారు కళ్ళు పెద్దవి చేసి నన్ను చూసి, చూసి, దబ్బున నా కాళ్ళమీద పడింది. 'తల్లీ! రత్తమ్మ తల్లీ! వచ్చావా! ఇన్నాళ్ళకి దయ కలిగిందా!' అని.

ఎవరో ఫ్యాను కట్టేశారు. ఎవరో సాంబ్రాణి వేశారు. హారతిపళ్ళెం మొహంమీదికి తెచ్చారు. చూడండి నా అవస్థ! లోపల మంట, మొహం ముందు మంట, ముక్కులో పొగ!

మా ఆయన ఒక్కరే కంగారుపడి, 'బీపీ ఏమో, మాత్ర వేద్దాం' అని వాళ్ళమ్మ మాత్ర తెచ్చి నా నోట్లో పెట్టబోయారు. నాకు ఎక్కడలేని విసుగొచ్చింది. 'మందూ వద్దు మాకూ వద్దు! ఈ ఇంట్లో ఎవ్వరూ మందు మాటెత్తద్దు! వదిలెయ్యండి!' అని అరిచాను.

నేను! గిన్నె గిన్నెకి తగిలి చప్పుడైతే ఉలిక్కిపడేదాన్ని. ఆ గొంతు నాదంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. వాళ్ళేం నమ్ముతారు?

ఉక్కపోతలో అరిచిన అరుపమ్మా అది. ఆ ఇంటికి శాసనమై కూర్చుంది. 'విన్నారుగా, మందు మాటెత్తద్దంది తల్లి' అని మర్నాడు పొద్దున్నే మా అత్తగారు అలమరలో ఉన్న మాత్రలన్నీ తీసుకెళ్ళి పెంటకుప్పలో పారేసింది. ఆవిడ బీపీ మాత్రలతో సహా! ఇంక ఎవరికేమొచ్చినా గూటి ముందు పెట్టిన పసుపునీళ్ళే. మా ఆయన జ్వరమొస్తే మాత్ర లుంగీలో దోపుకుని దొడ్లోకెళ్ళి మింగుతారు, చుట్ట దొంగతనంగా కాల్చుకునే కుర్రాడిలా.

వంశీకృష్ణ ఇంజినీరింగు చదివాడండీ. మామిడిపూతకి ఏ తెగులొస్తే ఏ మందు కొట్టాలో ఫోన్లో చూసి ఊరందరికీ చెప్తాడు. చెట్టుకి మందు పనికొస్తుందట. మనిషికి మాత్రం వద్దట. 'వదినా, పేరంటాలు నీ నోటితోనే చెప్పింది, నువ్వే మాట మారిస్తే ఎలా?' అంటాడు.

నేను నిజం చెప్పలేదనుకుంటున్నారా? చెప్పానమ్మా. ఆ రోజే మా ఆయనతో చెప్పాను. 'అది పూనకం కాదండీ, ముట్లుడిగినప్పుడు వచ్చే ఆవిర్లు. మా అమ్మకీ ఉండేవి' అన్నాను. ఆయన నోటిమీద వేలేసుకుని, 'ఊరుకో, ఎవరన్నా వింటారు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు తెలీదు' అన్నారు.

అత్తగారితోనూ అన్నాను. ఆవిడ లెంపలేసుకుంది. 'పరీక్ష పెట్టకు తల్లీ, ముసలిదాన్ని' అంది.

అవునంటే పేరంటాలు. కాదంటే పరీక్ష. ఇంక నాకు మాట ఎక్కడ మిగిలింది చెప్పండి?

గంపలగూడెం నుంచి ఒకాయన వచ్చాడు, బోరు ఎక్కడ వెయ్యమంటావు తల్లీ అని. అప్పుడే నాకు ఆవిర్లు మొదలయ్యాయి. 'తూర్పు కిటికీ తెరవండి నాయనా, గాలి రానీండి' అన్నాను. వెళ్ళి పొలంలో తూర్పువైపు బోరు వేసుకున్నాడు. నీళ్ళు పడ్డాయి! నా ఖర్మ! పడకపోయినా బాగుండేది. ఆ తరవాత ఇంకా ఎక్కువయ్యారు వచ్చేవాళ్ళు.

మీ దగ్గర దాచటమెందుకు? మొదట్లో బాగానే ఉండేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ 'ఏమే' తప్ప పేరుపెట్టి పిలవని మనిషి, కాఫీ చల్లారిందని గ్లాసు వెనక్కి తోసే మనిషి, ఆ అత్తగారే వంగి నా పాదాలకి పసుపు రాస్తుంటే... లోపలెక్కడో కాస్త చల్లబడ్డట్టుండేది. దానికే ఈ శిక్షేమో.

ఏమన్నారూ? హాట్ ఫ్లషా? అంటే దీనికో పేరుందా?

మళ్ళీ చెప్పండి. ఊఁ. ఆడవాళ్ళందరికీ కాకపోయినా చాలామందికి వస్తుందా. మీ దగ్గరికి వచ్చేవాళ్ళలోనూ ఉన్నారా. గుండెదడ దీన్లోదేనా? నిద్రపట్టకపోవటం? ఊరికే కళ్ళమ్మట నీళ్ళు రావటం?

మరి... మతిమరుపు? అది కూడానా?

ఉండండమ్మా. ఒక్క నిమిషం. ఏం లేదు, కొంగుతో తుడుచుకుంటాను.

నేను పేర్లు మరిచిపోతున్నాను కదా, అదే నన్ను చంపేస్తోంది. చిన్నప్పటినుంచీ ఒక్క పేరు తప్పి ఎరగను. మొన్న సంవత్సరీకంలో మా మామగారి తల్లి పేరు రాలేదు నాకు. బ్రహ్మగారు గోత్రం చెప్పి ఆగి నా వైపు చూస్తున్నారు. ఎంత తడుముకున్నా లేదు! పానకం ఎంగిలి చేశానని పెద్దలు నా నోట్లోంచి వాళ్ళ పేర్లు తీసేసుకుంటున్నారనుకున్నాను. కోపం కాదంటారా? వయసంటారా? మెల్లిగా సర్దుకుంటుందా?

మా అమ్మ ఎ.కొండూరులో ఈ వయసులో తడితువ్వాలు మెడకి చుట్టుకుని తిరిగేది. 'ఏంటే ఆ అవతారం' అని మా నాన్న విసుక్కునేవాడు. మా పుట్టింట్లో పేరంటాలు లేదు. అందుకని అది ఉత్త ఉక్కగానే మిగిలిపోయింది. అత్తింట్లో దేవత ఉండబట్టి నాకింత వైభోగం!

ఆఁ, గూటి దగ్గరికి వేడి పదార్థం ఎందుకు పోకూడదో చెప్తానన్నాను కదూ? బాగా గుర్తుచేశారు.

రత్తమ్మ కథ నేను కాపరానికొచ్చిన కొత్తలో మా అత్తగారి అత్తగారు చెప్పింది. పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరం పోకుండా నాచేత తిరిగి చెప్పించింది. రత్తమ్మ కూతుళ్ళు పెళ్ళీడుకొచ్చిన రోజుల్లో ఆమెకి ఒంట్లో మంటలు పుట్టాయట. నలుగురిలో కూర్చున్న మనిషి చటుక్కున లేచి వెళ్ళి కడవెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించుకునేదట. పుష్యమాసపు చలిలో తడిచీరతో వాకిట్లో కూర్చునేదట. నిద్ర లేదు. ఊరికే ఏడ్చేది, ఊరికే కసిరేది. కొందరు పిచ్చన్నారు. కొందరు గాలన్నారు. వేపమండలతో కొట్టించారు. ఒకరోజు చేలోకి వెళ్ళి, దిగుడుబావి మెట్లు ఒక్కొక్కటే దిగి, చల్లగా ఉందని నీళ్ళల్లో కూర్చుంది. మళ్ళీ పైకి రాలేదు.

తరవాత ఇంట్లో అందరి కలల్లోకీ వచ్చింది. అప్పుడు గూడు కట్టారు. చల్లటివన్నీ పెట్టారు.

ఈ కథ నేను పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో! చెప్పిన ప్రతిసారీ దణ్ణం పెట్టుకున్నాను. కానీ నాకీ మంట వచ్చేదాకా ఆ కథ నాకు అర్థం కాలేదమ్మా. ఆమెకి వచ్చింది ఇదే కదూ? మీరు చెప్పండి, ఇదే కదూ?

బతికున్నన్నాళ్ళూ ఆమెకి ఒక్కరూ గ్లాసెడు పానకం ఇవ్వలేదు. పోయాక తరతరాలుగా పెడుతున్నాం.

లెంపలేసుకుంటున్నాను, ఆమె దేవత కాదని నేననటం లేదు. అంత మంట ఒంటరిగా ఓర్చుకున్న మనిషి దేవత కాకపోతే ఇంకెవరు దేవత? రోజూ దీపం పెడుతూ అదే అంటాను. 'అమ్మా, నీకు మీలాంటి డాక్టరమ్మ ఒకరు దొరికుంటే...' చూశారా, మళ్ళీ తడబడ్డాను. ఆమెకి మీలాంటి వాళ్ళు దొరికుంటే గూట్లో కాకుండా ఇంట్లోనే ముసలిదయ్యేది కదా, అని.

సరే, శివపార్వతి సంగతికి వస్తాను. అసలు దానికోసమేగా వచ్చింది.

కార్తీకం నుంచీ ఆ పిల్లకి నెల వచ్చిందంటే ఆగటం లేదమ్మా. గడ్డలు గడ్డలుగా పోతోంది. రెండురోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలు. అడ్డంలో ఉంది కాబట్టి ఇంట్లోకి రాకూడదు. వెనక వసారాలో, ఒకప్పుడు నేను కూర్చున్న చాపమీదే, అక్కడే తిండి, అక్కడే పడక. పుష్యంలో గేదెల కొట్టం దగ్గర కళ్ళు తిరిగి పడింది. పెదాలు చూశారుగా, రంగే లేదు.

'ఆస్పత్రికి తీసుకెళ్దాం' అన్నాను. 'పేరంటాలు వద్దంది, పేరంటాలే సెలవివ్వాలి' అంది అత్తగారు. సెలవిచ్చేదెవరు? నేను! ఇవ్వనిదెవరు? నేనే! పెద్దకోడలు నాగేంద్రమ్మ ఎన్ని చెప్పినా ఆ ఇంట్లో చెవినపెట్టేవాళ్ళు లేరు. ఒళ్ళు కాలుతుంటే అరిచిన అరుపు మాత్రం వేదం.

మొన్నొకరోజు అన్నం తీసుకెళ్ళి 'పార్వతీ' అని పిలిచాను. 'అక్కా' అంటుందనుకున్నాను. అది చాపమీంచి లేవలేక లేచి, రెండు చేతులూ జోడించింది. 'తల్లీ, నామీద ఎందుకమ్మా నీకింత కోపం? నేనేం తప్పు చేశాను?' అంది.

నన్ను డాక్టరమ్మా! అత్తగారి నడక నడిచి చూపించి, నేను నవ్వి నవ్వి పొలమారితే నెత్తిమీద తట్టే పిల్ల. నన్ను తల్లీ అంది. కంచం అక్కడ పెట్టి వచ్చేశాను. ఆ ఇంట్లో నన్ను మనిషిలా చూసేది అదొక్కతే. అది కూడా మొక్కేస్తే ఇంక నేనెక్కడికి పోవాలి?

అప్పుడే అనుకున్నాను. ఈసారి ఆవిర్లు వచ్చినప్పుడు పళ్ళబిగువున ఓర్చుకుని, ఆస్పత్రి మాట నోటిదాకా తెచ్చుకుంటాను అని. శుక్రవారం చెంబుతో పానకం పెట్టించాను. 'తల్లి ఇవాళ పలుకుతుంది' అని అందరూ వచ్చి కూర్చున్నారు. నేను గూటి ముందు కూర్చున్నాను.

రాదే! ఎంతకీ రాదు! అక్కర్లేనప్పుడు పొయ్యిదగ్గర, బస్సులో, పేరంటంలో పరిగెత్తుకొచ్చే మంట, రమ్మని కూర్చుంటే రాదు. లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యికి మొహం పెట్టి నిలబడ్డాను. పొగలు కక్కే కాఫీ తాగాను. కారం తిన్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి గానీ ఒళ్ళు చల్లగా, చేపలా ఉంది. వెనక వసారాలోంచి పార్వతి మూలుగు వినిపిస్తోంది.

మళ్ళీ వచ్చి కూర్చున్నాను. రత్తమ్మ వంక చూశాను. 'తల్లీ, నువ్వు నామీదికి రావని నాకు తెలుసు. ఏనాడూ రాలేదు. ఇవాళ నీ పేరు వాడుకుంటున్నాను. కళ్ళు పోగొట్టినా సరే, నోరు పడగొట్టినా సరే, ఆ పిల్ల బండెక్కాక పడగొట్టు' అన్నాను మనసులో.

అని, కొప్పు ఊడదీశాను.

నటించాను డాక్టరమ్మా. గూటి ముందు, దీపం ముందు, పూజ చేసే ఈ చేతుల్తో. ఊగాను. అరిచాను. చెంబెత్తి తాగాను. మొదటిసారి తాగినప్పుడు దాని రుచే తెలీలేదు నాకు. ఈసారి బెల్లం తీపి తెలిసింది. మిరియం గొంతులో గుచ్చుకుంది. ప్రతి గుక్కా నాకు తెలుస్తూనే ఉంది, అబద్ధం తాగుతున్నానని.

'చిన్నకోడలిని తిరువూరు ఆడడాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పెద్దకోడలు ముందు వెళ్ళాలి' అన్నాను. మా అత్తగారు చేతులు కట్టుకుని, 'ఏ డాక్టరు తల్లీ?' అంది. గ్లోరిగారు అనేద్దామని నోటిదాకా వచ్చింది. పేరంటాలుకి మీ పేరెలా తెలుస్తుందీ అని భయమేసి, 'గుమ్మంమీద శిలువ ఉంటుంది, పో' అన్నాను. దాంతో మా అత్తగారు ఒకటే ఆలోచన. బండిలో వస్తూ వస్తూ మూడుమాట్లు అంది. 'మన తల్లి శిలువ గుమ్మం చెప్పిందేంటిరా వంశీ?' అని. 'దేవుళ్ళు దేవుళ్ళు మాట్లాడుకుంటారేమో లేమ్మా' అన్నాడు వాడు.

నవ్వండి, పర్లేదు. నాకూ వచ్చింది నవ్వు. కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాను, ఆ తరవాత లెంపలేసుకున్నాను.

ఇప్పుడు మీరు పార్వతిని చూస్తారు. ఎందుకిన్నాళ్ళు ఆగారు అని వాళ్ళని అడక్కండి. అడిగితే పేరంటాలు పేరు చెప్తారు, మీరు కోప్పడతారు, మా అత్తగారు సంచి తీసుకుని లేచిపోతుంది. స్కానింగు కావాలన్నా, రక్తం ఎక్కించాలన్నా, విజయవాడ పంపాలన్నా చెప్పాల్సింది గట్టిగా చెప్పండి. కానీ ఒకటి. మీరు చెప్తుంటే వాళ్ళు మీ మొహం చూడరు. నా మొహం చూస్తారు. అదీ నా భయం.

ఎందుకంటే ఇంకోసారి నటించటం నా వల్ల కాదమ్మా. ఆ పానకం తాగిన దగ్గర్నుంచీ నాకు ముద్ద దిగటం లేదు. దీపం వెలిగించబోతే చెయ్యి వెనక్కి పోతోంది. అప్పుడంటే ఏదో అయిపోయింది. తెలిసి తెలిసి రెండోసారి ఆమె ముందు అబద్ధమాడలేను.

ఆఁ? నాకా? నాకు కూడా మందుందా?

పరీక్షలు చేశాక ఇచ్చే మాత్ర... ఏదీ? ఇంత చిన్నదా? దీంతో ఆవిర్లు తగ్గిపోతాయా? పూర్తిగానా? చాలావరకా. నిద్ర పడుతుందా? పేర్లు... పేర్లు కూడా గుర్తొస్తాయేమో కదూ?

ఎంత బావుందో చేతిలో పట్టుకుంటే.

తీసుకోండమ్మా. లోపల పెట్టెయ్యండి. నా పేరు కూడా ఎక్కడా రాయకండి.

కోప్పడకండి. వినండి. నా మంట తగ్గిపోతే రేపు పార్వతికి రక్తం ఎక్కించటానికి సెలవిచ్చేదెవరు? ఆపరేషనంటే సరే అనేదెవరు? చల్లగా కూర్చున్న నాగేంద్రమ్మ మాట ఆ ఇంట్లో ఎవరు వింటారు? నటించలేను అంటున్నాను కదా. మరి నిజంగా కాలాల్సిందే. మాట నాదైనా మంటన్నా నిజందై ఉండాలి. అంతమాత్రం రత్తమ్మ క్షమిస్తుంది. ఆమెకి తెలుసు ఎలా ఉంటుందో.

పార్వతి లేచి తిరిగి, నన్ను 'అక్కా' అన్ననాడు వస్తాను. అప్పుడివ్వండి ఆ మాత్ర. అప్పటికి ఇంకెవరికి ఏమొస్తుందో... ఏమోలెండి, చూద్దాం.

ఆగండి.

ఆగండాగండి డాక్టరమ్మా... ఇదిగో, ఇక్కడ మొదలైంది. మెడకి వస్తోంది. చూడండి, చెయ్యి పట్టుకు చూడండి, కాలుతోందా? చెవులు ఎర్రబడ్డాయా? హమ్మయ్య. ఇది నిజంది. రానీండి. మంచినీళ్ళు వద్దు, ఆ గ్లాసు అవతల పెట్టండి.

ఇంక ఆలస్యం చెయ్యకండి. తలుపు బార్లా తియ్యండి. అత్తగారిని, వంశీని పిలవండి. పార్వతిని తెచ్చి ఈ బల్లమీద పడుకోబెట్టించండి. ఏమేం చెయ్యాలో అన్నీ వాళ్ళ ముందే చెప్పండి, ఒక్కసారే చెప్పండి. ఇది నామీద ఎంతోసేపు నిలవదు. ఒక్కోదానికీ నేను ఊఁ అంటాను.

నా సంగతా? నాదేముందమ్మా. శ్రావణం వస్తే పానకం ఎలాగూ పెడతారు.

కర్పూరం మా అత్తగారి సంచిలో ఉంది. ముందు ఆ ఫ్యాను కట్టెయ్యండి.